చేవ, తేమ

టేకు దుంగను అడ్డంగా కోస్తే రెండు రంగులు కనిపిస్తాయి. బెరడును ఆనుకుని చుట్టూతా వెలిసిపోయిన పసుపు, దాని లోపల గోధుమ వన్నె తిరిగిన గుండ్రటి భాగం. అప్పుడే కోసిన దుంగలో ఈ రెండింటి హద్దు వేలు పెట్టి చూపించగలిగేంత తేటగా ఉంటుంది. లోపలిది చేవ, బయటిది తెల్లచెక్క. అడితికి వెళ్లినవాళ్లు డబ్బు పెట్టేది లోపలి రంగుకే. గుమ్మానికి కోసిన కర్రకు ఒక అంచున తెలుపు తగిలితే బేరం దిగుతుంది. పలకలో తెలుపు పరుచుకుని ఉంటే వడ్రంగి దాన్ని పక్కన పడేస్తాడు.

చెట్టు బతికున్నన్నాళ్లూ చాకిరీ అంతా ఆ తెల్లచెక్కదే. వేళ్లు తోడిన నీళ్లు ఆకులకు ఎక్కేది దాని గొట్టాల్లోంచే. ఆకులు తయారు చేసిన ఆహారంలో మిగులును పిండిపదార్థంగా దాచేదీ అక్కడే. చెట్టు లావెక్కేకొద్దీ లోపలి వలయాలతో దానికి అవసరం తగ్గుతుంది, అక్కడ ఇంకా బతికి ఉన్న కణాలు క్రమంగా చనిపోతాయి. పోయే ముందు అవి చేసే పని ఒకటుంది. దాచిన పిండిని విడగొట్టి క్వినోన్లు, ఫీనాలు వంటి ఘాటైన రసాయనాలుగా మార్చి చుట్టూ ఉన్న గోడల్లోకి వదులుతాయి. పాత నీటి గొట్టాల్లోకి పక్క కణాలు ఉబ్బి దారి మూసేస్తాయి. టేకులో ఇలా చేరే టెక్టోక్వినోన్ చెదపురుగుకు విషం. నూనె, రబ్బరు లాంటి పదార్థాలు కూడా కొన్ని చేరతాయి. చిత్రిక పట్టిన టేకును తడిమితే చేతికి తగిలే సన్నటి జిడ్డు వాటిదే. చేవలో ప్రాణమున్న కణం ఒక్కటి కూడా ఉండదు. చెట్టు తన గుండెకాయను తానే మందు పెట్టి భద్రం చేసుకుంటుంది.

కాబట్టి గట్టిదనం వేరు, మన్నిక వేరు. సరుగుడు గట్టి కర్ర, ఎండిందంటే మేకు దిగదు. కానీ నేలలో పాతితే కొన్నేళ్లకే చెదలు తినేస్తాయి. టేకు అంత గట్టిది కాదు, ఘనపు మీటరుకు సుమారు 650 కిలోలు తూగే మధ్యరకం కర్ర, ఉలికి సులువుగా లొంగుతుంది. దాన్ని నిలబెట్టేది బరువు కాదు, గోడల్లో ఇంకిన రసాయనం. అసలు ఏ చెట్టు కర్రయినా కణపు గోడల సాంద్రత ఇంచుమించు ఒకటే, నీటికి ఒకటిన్నర రెట్లు. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్లపొణికి తేలికగా ఉండటానికీ, శేషాచలం ఎర్రచందనం నీళ్లలో మునగటానికీ కారణం ఆ గోడల మందం, మధ్యలోని ఖాళీల తేడా మాత్రమే. బొమ్మకు ఆ ఖాళీయే కావాలి, కత్తి ఎటు తిప్పితే అటు తిరగాలి. దూలానికి కావలసింది వేరు.

మన్నిక ఎంతదాకా పోగలదో చూపే సాక్ష్యం మహారాష్ట్రలో లోనావాలా దగ్గర కార్లే గుహల్లో ఉంది. సుమారు రెండు వేల ఏళ్ల కిందట రాతిని తొలిచి చేసిన ఆ బౌద్ధ చైత్యం కప్పుకు కమానుల్లాంటి టేకు వాసాలు బిగించారు. అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. రెండో సాక్ష్యం నీళ్ల మీద తేలుతోంది. 1817లో బొంబాయిలో మలబారు టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవులో నేటికీ తేలుతూ ఉంది. ఐరోపా ఓడలకు వాడే ఓక్ కర్రలోని టానిక్ ఆమ్లం ఇనుప మేకులను తినేసేది, టేకు ఆ పని చేయదు. మన గోదావరి ముఖాన కోరంగి కూడా ఆ కాలంలో ఓడలు కట్టిన రేవే. 1839 తుపాను దాన్ని ఊడ్చిపెట్టింది.

కార్లే వాసాలు రెండు వేల ఏళ్లు నిలవటంలో టేకు గొప్పతనం సగమే. మిగతా సగం ఆ రాతి కప్పుది. అక్కడ వాన పడదు. కర్రను కుళ్లబెట్టే శిలీంధ్రాలకు గాలి కావాలి, వెచ్చదనం కావాలి, అన్నిటికంటే ముఖ్యంగా తేమ కావాలి. ఎండిన కర్ర బరువులో తేమ 20 శాతం లోపు ఉన్నంతవరకు అవి దాని జోలికి రాలేవు. అదే కర్ర పూర్తిగా నీళ్లలో మునిగి ఉంటే గాలి అందక మళ్లీ రాలేవు. పాతకాలపు బావుల అడుగున చెక్క ఒర మీద కట్టడం లేపేవారు, నేరేడు కర్రను అందుకు వాడేవారు. నీళ్లలో ఉన్నంతకాలం దానికి ఢోకా లేదు. చేటు తెచ్చేది ఈ రెండు స్థితుల మధ్య ఉన్న చోటు. ఊళ్లో పాత కంచె కర్రనో, పందిరి రాటనో పీకి చూడండి. పైన గట్టిగానే ఉంటుంది, నేలలోతున ఉన్న మొన కూడా చాలాసార్లు బాగానే ఉంటుంది. నేల మట్టం దగ్గర, జానెడు మేర మాత్రం వేలితో పొడిస్తే రాలిపోతుంది. తేమా గాలీ కలిసి దొరికే చోటు అదొక్కటే.

తేమ చేసే రెండో చేటు కుళ్లుకంటే ముందే మొదలవుతుంది. మనలో చాలామందికి అనుభవమైనదీ అదే. పచ్చి కర్రలో నీళ్లు రెండు తావుల్లో ఉంటాయి. వరిగడ్డి మోపును నీళ్లలో ముంచి తీస్తే గడ్డిపోచల బోలులో కొన్ని నీళ్లు నిలుస్తాయి, పోచ గోడ కూడా తడిసి ఉబ్బుతుంది. కర్రా అంతే, నిలువునా పేర్చిన సన్నటి గొట్టాల మోపు. బోలులో ఉన్న నీళ్లు ముందు పోతాయి, అవి పోయినా కర్ర కొలత మారదు. తేమ 28, 30 శాతానికి దిగాక గోడల్లోని నీళ్లు కదలటం మొదలవుతుంది. అక్కడి నుంచి ప్రతి శాతానికీ కర్ర కుంచించుకుపోతూనే ఉంటుంది.

అన్ని వైపులకూ ఒకేలా కుంచించుకుపోతే ఇబ్బంది ఉండేది కాదు. గోడల్లో సెల్యులోజ్ పోగులు దాదాపు నిలువుగా ఉంటాయి కనుక పొడవులో తేడా ఉండీ లేనట్టే, మొత్తం ఎండినా వెయ్యికి ఒకటి రెండు వంతులు. అడ్డంగా మాత్రం పోగుల మధ్య నీళ్లు పోయి అవి దగ్గరకు జరుగుతాయి. అందులోనూ వలయాల వెంట జరిగే కుదింపు, నడిబొడ్డు నుంచి బెరడు వైపుకు జరిగే కుదింపుకు ఇంచుమించు రెట్టింపు. టేకులో మొదటిది 5.8 శాతం, రెండోది 2.5 శాతం. చాలా కర్రలతో పోలిస్తే ఇవి చిన్న అంకెలు, టేకు మంచిదనటానికి ఇదొక పెద్ద కారణం. అయినా అడుగు వెడల్పున్న పచ్చి టేకు పలకను తెచ్చి బిగించామనుకోండి. అది 8 శాతం తేమకు ఎండేసరికి 13 మిల్లీమీటర్లు తగ్గుతుంది. అర అంగుళం! ఆ అర అంగుళం ఎక్కడో ఒకచోట నెర్రెగా తేలాలి, లేదా పలక దొప్పగా వంగాలి.

ఎండటానికి ఒక అంతం ఉందా అంటే, చుట్టూ ఉన్న గాలి ఎంత పొడిగా ఉంటే అంత. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల పొడిగాలిలో ఇంట్లోని కర్ర తేమ 6, 7 శాతానికి దిగుతుంది. కాకినాడలో శ్రావణ భాద్రపదాల ముసురుకు 15, 16 దాకా ఎక్కుతుంది. ఏడాదికోసారి కర్ర ఇలా ఊపిరి తీసి వదులుతూనే ఉంటుంది, చెట్టు కొట్టి వందేళ్లయినా సరే. వానాకాలం తలుపు బిగుసుకుపోవటం వడ్రంగి తప్పు కాకపోవచ్చు. ఈ సంగతి గమనించే భారత ప్రమాణాల సంస్థ దేశాన్ని గాలిలోని తేమను బట్టి నాలుగు మండలాలుగా విడగొట్టి, ఎక్కడ ఏ పనికి కర్ర ఎంత తేమతో ఉండాలో నిర్దేశించింది. ఒక ఊళ్లో చేసిన తలుపును మరో ఊళ్లో బిగించేటప్పుడు ఈ లెక్క ఎంతో అక్కరకొస్తుంది. దీన్ని అడిగేవాళ్లు మాత్రం కనపడరు.

పాత వడ్రంగులు ఈ లెక్క కాగితం మీద వేయలేదు, తలుపులోనే వేశారు. పాత ఇంటి పలకల తలుపును దగ్గరగా చూడండి. చుట్టూ నాలుగు బద్దల చట్రం, చట్రం లోపలి అంచున గాడి, ఆ గాడిలో దిగిన పలక. చట్రం కీళ్లకు కొయ్య చీలలు కొట్టి ఉంటాయి. పలకకు మేకు ఉండదు, బంక ఉండదు. గాడిలో అది స్వేచ్ఛగా జరగటానికి రెండు పక్కలా కాస్త చోటు వదిలారు. అడుగు వెడల్పు పలక ఎండకాలం నుంచి వానాకాలానికి 5 మిల్లీమీటర్ల దాకా పెరిగి తగ్గుతుంది, ఆ ఆటంతా గాడి లోపలే అయిపోతుంది. తలుపు వెడల్పును నిర్ణయించేది సన్నటి నిలువు బద్దలు కనుక మొత్తం తలుపు పెద్దగా కదలదు. రంగు వేసిన పాత తలుపు మీద వేసవిలో పలక అంచున రంగు పడని సన్నటి గీత బయటపడుతుంది. పలక ఎంత జరిగిందో ఆ గీత కొలిచి చెబుతుంది. ఇవాళ కొందరు గట్టిగా ఉంటుందని ఆ గాడిలో జిగురు నింపి, పైనుంచి స్క్రూలు కూడా బిగిస్తున్నారు. పలక జరగడానికి చోటు లేక నిలువునా పగులుతుంది. గట్టిదనం కోసం చేసిన పనే తలుపును చీల్చిందని చెప్పినా నమ్మటం కష్టం.

తాడి దగ్గర ఈ కథంతా తిరగబడుతుంది. తాడి గడ్డిజాతికి దగ్గరి చుట్టం, దానికి వలయాలుండవు, నడుమ చేవ ఉండదు. నల్లటి గట్టి పోగులు బెరడు పక్కన దట్టంగా, లోపలికి పోయేకొద్దీ పలచగా ఉంటాయి. గాలివానకు ఊగే మానులో ఒత్తిడంతా పడేది అంచుల మీదే కనుక చెట్టు తన బలాన్ని అక్కడే పెట్టుకుంది. మన పెద్దలు దీన్ని రెండు వైపుల నుంచీ వాడుకున్నారు. మానును నిలువునా చీల్చి, మెత్తటి నడిభాగం చెక్కేసి, నల్లటి అంచులను పెంకుటిళ్లకు వాసాలుగా వేశారు. అదే మెత్తటి నడుమను తొలిచేసి, గట్టి డొప్పను మిగిల్చి దోనెలు చేశారు. కొల్లేటిలో తాటిదోనెల మీద తిరిగిన తరాలున్నాయి. వాసాలను పైకెక్కించే ముందు చెరువులో నానబెట్టే అలవాటులోనూ ఇంగితం ఉంది. నీళ్లకు పిండిపదార్థం, చక్కెరలు కరిగి, పులిసి బయటికి పోతాయి. పుప్పిపురుగు కర్రలోకి వచ్చేది వాటికోసమే.

టేకు తెల్లచెక్కకు పట్టిన శనీ ఆ పిండే. పెద్ద రంధ్రాలున్న కర్ర గొట్టాల్లో పురుగు గుడ్లు పెడుతుంది, లోపలి పిల్లపురుగు పిండి తింటూ సొరంగాలు తవ్వుతుంది. బయటికి కనపడేవి గుండుసూది తలంత రంధ్రాలు, కింద రాలిన మెత్తటి పొడి. ఒకే మంచం కోడులో తెలుపు పక్కనే ఉన్న చేవను అది ముట్టదు. చెట్టు మందు పెట్టిన చోటు, పెట్టని చోటు పురుగే గీత గీసి చూపిస్తుంది.

మరి ఆ మందును మనిషే పెట్టలేడా? పందొమ్మిదో శతాబ్దంలో రైల్వేలు ఆ ప్రశ్న వేశాయి, స్లీపర్లకు లక్షల చెట్లు కావలసి వచ్చింది. 1838లో ఇంగ్లండులో జాన్ బెతెల్ ఒక పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. కర్రను సిలిండరులో పెట్టి, గాలి లాగేసి, తారు నుంచి తీసిన క్రియోసోట్ నూనెను ఒత్తిడితో ఎక్కించటం. అది పనిచేసింది గానీ నల్లగా, వాసనతో, ఇంట్లో వాడటానికి వీల్లేకుండా ఉండేది. రాగి ఉప్పు శిలీంధ్రాలను చంపుతుంది, ఆర్సెనిక్ పురుగులను చంపుతుంది. రెండూ నీళ్లలో తేలిగ్గా కరుగుతాయి, కర్రకు ఎక్కించటం సులువు. చిక్కల్లా వాన పడితే అంతే సులువుగా కరిగిపోవటం.

ఆ చిక్కును విడదీసినవాడు శొంఠి కామేశం. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో కలప సంరక్షణ మీద పనిచేసిన తెలుగు ఇంటిపేరున్న ఈ శాస్త్రవేత్త 1933లో ఆ రెండింటికీ మూడోదిగా క్రోమియం లవణాన్ని కలిపాడు. ద్రావణం కర్రలోకి ఇంకాక, కర్రలోని పదార్థాలే క్రోమియాన్ని మరో రూపానికి మారుస్తాయి. ఆ మార్పు జరిగేటప్పుడు రాగినీ ఆర్సెనిక్‌నూ అది కణపు గోడలకు పట్టేసి కరగని స్థితిలోకి తెస్తుంది. నీళ్లలో కరిగి లోపలికి వెళ్లిన మందు లోపలికి వెళ్లాక కరగటం మానేస్తుంది. ఎంత అందమైన ఆలోచన! చెట్టు చేవలో చేసుకునే ఏర్పాటు ఇంచుమించు ఇదే, కాకపోతే చెట్టుకు ఏళ్లు పట్టేది ఇక్కడ రోజుల్లో అవుతుంది. 1938లో దానికి అమెరికా పేటెంటు వచ్చింది. ఆ తరువాత దశాబ్దాల పాటు ప్రపంచమంతటా కరెంటు స్తంభాలు, టెలిఫోన్ స్తంభాలు, రేవుల కట్టడాలు, ఇళ్ల వసారాలు ఆ లేత ఆకుపచ్చ రంగు కర్రతో కట్టారు. కలపను భద్రపరిచే విద్యలో ఆయన పని ఒక మలుపు, అయినా మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు నాకు కనపడలేదు. అది దిద్దుకోవలసిన లోపం.

మందు కర్రకు బాగా పట్టేది తెల్లచెక్కలోనే. చేవ గొట్టాలు మూసుకుపోయి ఉంటాయి కనుక ఎంత ఒత్తినా లోపలికి పోనివ్వవు. పనికిరాదని పక్కన పడేసిన తెలుపు, మందు ఎక్కాక, నేలలో పాతినా దశాబ్దాలు నిలుస్తుంది. టేకు, ఏగిస, నల్లమద్ది వంటి పేరున్న చెట్లే కొట్టక్కర్లేదు. ఏడాదేడాదికీ చేలల్లో పెరిగే జామాయిల్ కూడా స్తంభంగా నిలబడుతుంది.

కామేశం మందు చీకటి వైపు కూడా చెప్పాలి. ఆర్సెనిక్ పూర్తిగా కరగకుండా ఉండదు, కొద్దికొద్దిగా మట్టిలోకి దిగుతుంది. పిల్లలు ఆడుకునే ఊయలలు, వసారాల కర్ర మీద అది చేతికి అంటుతుందని తేలాక, అమెరికాలో 2003 చివరికల్లా ఇళ్ల వాడకానికి దీన్ని ఆపేశారు. పరిశ్రమల్లో, స్తంభాలకు వాడకం మిగిలింది. ఇంటి పనులకు రాగి ఉండి ఆర్సెనిక్ లేని మందులు వచ్చాయి. పాత స్తంభం ముక్కలను పొయ్యిలో పెట్టకూడదు. బూడిదలో, పొగలో ఆర్సెనిక్ ఉంటుంది. వాన తగలని ఇంటి లోపలి కర్రకు బోరాక్స్, బోరిక్ ఆమ్లం ద్రావణం చాలు. పచ్చి కర్రను అందులో నానబెడితే మందు నీటి వెంట లోపలికి పాకుతుంది. మంచాలు, కబోర్డులకు పుప్పి పట్టకుండా ఉండటానికి ఇంతకన్నా సులువైన పని లేదు.

1990ల్లో టేకు మొక్కలు అమ్మి ఇరవై ఏళ్లకు లక్షలు చేతికొస్తాయని చెప్పిన ప్రకటనలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ తోటల టేకు ఇప్పుడు అడితికి వస్తోంది. త్వరగా పెరిగిన టేకు మెత్తనని ఒక మాట ఉంది, అది పూర్తిగా సరికాదు. టేకులో పెద్ద గొట్టాలు వలయం మొదట్లోనే వరుసగా ఏర్పడతాయి, వలయం వెడల్పయితే ఆ తరువాత వచ్చే గట్టి భాగమే పెరుగుతుంది. లేత టేకుతో ఉన్న అసలు ఇబ్బంది బలం కాదు, చేవ చాలకపోవటం. దాని అడ్డకోతలో తెలుపు వాటా పెద్దది. అయినా అడితిలో వినిపించే సంభాషణ ఒకటే.

“టేకేనా అండీ?”

“అసలు సిసలు టేకండీ, బల్లార్షా సరుకు.”

అక్కడితో బేరం మొదలవుతుంది. ఊరిపేరు తెలిసింది, తేమ ఎంతో తెలియలేదు. నన్నడిగితే ముందు అడగవలసింది ఎన్నాళ్లు ఆరింది, తెలుపు ఎంత, ఆ తెలుపుకు మందు పెట్టారా అని. ఆరటం అంటే దుంగగా ఎండలో పడి ఉండటం కాదు. పలకలుగా కోసి, మధ్య సమానమైన బద్దలు పెట్టి, నీడన, గాలి ఆడేలా పేర్చాలి. కొసలకు మైనమో తారో పూయాలి, గొట్టాలు తెరుచుకున్న కొసల నుంచి నీళ్లు ముందుగా పోయి అక్కడే పగుళ్లు పుడతాయి కనుక. అంగుళం మందం పలకకు కూడా ఇది నెలల పని. యంత్రాల గదిలో వేడీ తేమా అదుపు చేసి ఎండబెడితే వారాల్లో అవుతుంది. చెక్కలో గుచ్చి తేమ చూపే చిన్న మీటర్లు ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి. మీటరు లేకపోయినా తూకం చాలు. పలక మధ్య నుంచి కోసిన చిన్న ముక్కను తూచి, 100 డిగ్రీలకు కాస్త పైన ఓవెన్‌లో బరువు తగ్గటం ఆగేదాకా ఉంచి మళ్లీ తూచాలి. 112 గ్రాములది 100 గ్రాములైతే తేమ 12 శాతం. 160 గ్రాములది 100కు దిగితే ఆ కర్ర ఇంకా చెట్టే.

ఒక విధానపు మార్పు కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. అడవుల మీద ఒత్తిడి తగ్గించాలని 1993లో కేంద్ర ప్రజాపనుల విభాగం తన కట్టడాల్లో కలప వాడకం ఆపింది, 2020లో ఆ నిషేధం ఎత్తేసింది. పొలం గట్ల చెట్లకూ తోటల చెట్లకూ మళ్లీ గిరాకీ రావాలన్నది ఒక కారణం. ఎండు కర్ర బరువులో సగం దాకా కార్బనే. ఘనపు మీటరు టేకు తలుపుగా, దూలంగా నిలబడి ఉన్నంతకాలం టన్నుకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోకుండా ఆగుతుంది. నాలుగేళ్లకు పుచ్చిపోయి చెత్తలో కలిసే కర్రతో ఆ లాభం లేదు. అందుకే ఆరబెట్టటం, మందు పెట్టటం అడవికి కూడా సంబంధించిన పనులే.

ఇంత తెలిశాక పాత ఇళ్లు పడగొట్టే చోట అమ్మే కలపను వేరే కన్నుతో చూస్తాం. అవి ఎక్కువగా ముదురు చెట్ల చేవ కర్రలు, అరవై డెబ్బై వానాకాలాలు చూసి వంగవలసినంత వంగి, పగలవలసినంత పగిలి నిలకడకు వచ్చినవి. కొత్త గుమ్మానికి దూలం కోయించుకుంటే కొత్త కర్రకన్నా నమ్మకంగా ఉంటుంది. కోత మిల్లువాళ్లు మాత్రం తేలిగ్గా ఒప్పుకోరు, లోపల విరిగి మిగిలిన పాత ఇనుప మేకు ఒక్కటి తగిలినా రంపం బ్లేడు పోతుంది. దూలం నాలుగు ముఖాల మీదా అయస్కాంతం పట్టి, తగిలిన ప్రతిచోటా సుద్దతో గుర్తు పెట్టి, మేకులన్నీ ఊడబీకి తీసుకెళ్తే కోస్తారు.